ఇంటి కంప్యూటర్లను కలిపి ట్రేడింగ్ వ్యూహాలను పరీక్షించడం

షేర్లు, ఫ్యూచర్లు, విదేశీ మారకం వంటి మార్కెట్లలో ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో, ఎంత నష్టానికి బయటపడాలో చెప్పే నియమాల సముదాయాన్ని ట్రేడింగ్ వ్యూహం లేదా స్ట్రాటజీ అంటారు. ఆ నియమాలను పాత ధరల మీద నడిపి, అప్పట్లో పాటించి ఉంటే లాభం మిగిలేదో నష్టం మిగిలేదో లెక్కగట్టడమే బ్యాక్‌టెస్టింగ్. ఒకే వ్యూహాన్ని వేల రకాల అంకెలతో నడిపి చూడాల్సి వచ్చినప్పుడు ఒక్క కంప్యూటర్‌తో పని తెమలదు. ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లను ఒక నెట్‌వర్కులో కలిపి ఆ భారాన్ని వాటికి పంచే పద్ధతి 2010 తర్వాత, కంప్యూటర్ శాస్త్రం చదవని మామూలు ట్రేడర్లకు కూడా అందుబాటులోకి వచ్చింది.

లెక్క ఎందుకు పెరుగుతుంది

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో షేర్ల ట్రేడింగ్ ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా, అంటే 375 నిమిషాలు సాగుతుంది. ఏడాదికి సుమారు 250 ట్రేడింగ్ రోజులు. నిమిషానికో క్యాండిల్ (ఆ నిమిషంలోని ప్రారంభ, గరిష్ఠ, కనిష్ఠ, ముగింపు ధరల నమోదు) చొప్పున ఒక షేరుకు ఏడాదిలో 93,750, పదేళ్లకు 9 లక్షల పైచిలుకు క్యాండిళ్లు పోగవుతాయి. నిఫ్టీ సూచీలోని 50 షేర్లకూ కలిపితే అవి నాలుగున్నర కోట్లు దాటుతాయి. ప్రతి లావాదేవీనీ నమోదు చేసే టిక్ డేటా దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇంత డేటా ఉన్నా ఒక్కసారి నడపడం పెద్ద పని కాదు. అసలు బరువు అంకెల కలయికల్లో ఉంది. రెండు మూవింగ్ యావరేజీలు (గత కొన్ని రోజుల ధరల సగటులు) ఒకదాన్నొకటి దాటినప్పుడు కొనే, అమ్మే వ్యూహాన్నే తీసుకుంటే, చిన్న యావరేజీకి 10 విలువలు, పెద్దదానికి 20, నష్టానికి బయటపడే స్టాప్‌లాస్‌కు 10, లాభానికి బయటపడే టార్గెట్‌కు 10 ప్రయత్నించాలనుకుంటే మొత్తం 20,000 కలయికలు. ఒక్కోదానికి 3 సెకన్లు పట్టినా 16 గంటల 40 నిమిషాలు కావాలి. పది విలువలున్న మరో నిబంధనను చేర్చగానే కలయికలు 2 లక్షలై, గడువు దాదాపు వారం రోజులకు చేరుతుంది. నిబంధనలు ఒక్కొక్కటిగా కూడుతుంటే పని గుణకారంలో పెరుగుతుంది.

అదృష్టవశాత్తు ఈ పని పంచుకోవడానికి ఎంతో అనువైనది. వాతావరణ అంచనా లెక్కల్లో ఒక ప్రాంతం ఫలితం పక్క ప్రాంతం ఫలితం మీద ఆధారపడుతుంది కాబట్టి కంప్యూటర్లు క్షణక్షణం మాట్లాడుకుంటూ ఉండాలి. వ్యూహ పరీక్షలో 17వ కలయికకు 18వ దానితో నిమిత్తం లేదు. ఎవరికి వచ్చిన కలయికను వారు చివరిదాకా నడిపి నాలుగు అంకెలు వెనక్కి పంపితే చాలు. అందుకే నెమ్మదైన ఇంటి నెట్‌వర్కు కూడా దీనికి సరిపోతుంది. ఒకే పరుగును కాలం వారీగా ముక్కలు చేయడం మాత్రం కుదరదు. 2016 జనవరిలో ఖాతాలో ఎంత డబ్బుందో, ఏ షేరు చేతిలో ఉందో తెలియాలంటే 2015 డిసెంబరు లెక్క ముగియాలి. కాబట్టి పనిని కలయికల వారీగా కోస్తారు. వ్యూహం ప్రతి షేరునూ విడిగా చూసే రకమైతే షేర్ల వారీగానూ కోయవచ్చు.

పూర్వరంగం

ఖాళీగా ఉన్న కంప్యూటర్లకు పని అప్పగించాలన్న ఆలోచన ట్రేడింగ్ రంగంలో పుట్టలేదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1980ల చివర్లో రూపొందిన కాండోర్ అనే సాఫ్ట్‌వేర్, ఉద్యోగులు వాడని వేళల్లో వారి బల్లల మీది కంప్యూటర్లకు లెక్కలు పంపేది. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అంగట్లో దొరికే మామూలు ప్రాసెసర్లు పదహారింటిని ఈథర్‌నెట్ తీగలతో కలిపి బియోవుల్ఫ్ అనే సమూహాన్ని కట్టారు. ఖరీదైన సూపర్ కంప్యూటర్ లేకుండానే పెద్ద లెక్కలు చేయవచ్చని అది చూపింది. 1999లో బర్క్‌లీ నుంచి మొదలైన సెటి ఎట్ హోమ్ ప్రాజెక్టు గ్రహాంతర జీవుల సంకేతాల వెతుకులాటను లక్షలాది ఇళ్లలోని కంప్యూటర్లకు పంచింది. కొత్త పనిని పంపిణీ చేయడం 2020 మార్చిలో ఆపింది.

ట్రేడింగ్ వైపు, 1991లో వచ్చిన ట్రేడ్‌స్టేషన్ వంటి సాఫ్ట్‌వేర్లు వ్యూహాన్ని రాసి పాత ధరల మీద నడిపే వీలును సొంత కంప్యూటర్‌కు తెచ్చాయి. అవన్నీ చాలాకాలం ఒక్క ప్రాసెసర్‌కే పరిమితం. విదేశీ మారక ట్రేడర్లలో బాగా వ్యాపించిన మెటాట్రేడర్ 4 (2005) పరీక్షాయంత్రం కూడా ప్రాసెసర్‌లోని ఒక్క కోరునే (లెక్కలు చేసే విభాగాన్నే) వాడుకునేది. యంత్రంలో నాలుగు కోర్లున్నా మూడు ఖాళీగా కూర్చునేవి. మెటాకోట్స్ సంస్థ 2010లో విడుదల చేసిన మెటాట్రేడర్ 5 ఈ పరిస్థితిని మార్చింది.

మెటాట్రేడర్ 5 పనితీరు

ఇందులో పరీక్షను నడిపేది ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాము. ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్‌లో కోరుకొకటి చొప్పున స్థానిక ఏజెంట్లు వాటంతట అవే ఏర్పడతాయి. ఇంట్లోని ఇతర యంత్రాల్లో మెటాటెస్టర్ అనే విడి ప్రోగ్రామును పెట్టి, పాస్‌వర్డు, పోర్టు సంఖ్యలు ఇస్తే అక్కడ రిమోట్ ఏజెంట్లు తయారవుతాయి. ప్రధాన కంప్యూటర్‌లో వాటి ఐపీ అడ్రసు, పోర్టు, పాస్‌వర్డు నమోదు చేయాలి. మొదటిసారి కలవకపోతే కారణం తొంభై పాళ్లు విండోస్ ఫైర్‌వాలే అయి ఉంటుంది. రూటర్ తిరిగి ఆన్ అయినప్పుడల్లా ఐపీ అడ్రసు మారకుండా ఒక్కో యంత్రానికి స్థిరమైన అడ్రసు కేటాయించుకోవడం రెండో జాగ్రత్త.

పరీక్ష మొదలవగానే ప్రధాన యంత్రం కంపైల్ చేసిన వ్యూహాన్నీ, ధరల చరిత్రనూ ఏజెంట్లకు పంపుతుంది. ఏజెంటు తన పని ముగించి లాభం, గరిష్ఠ పతనం (ఖాతా విలువ శిఖరం నుంచి పడిన అత్యధిక మేర), లావాదేవీల సంఖ్య వంటి ఫలితాలు పంపి, ఇంకో కలయిక తీసుకుంటుంది. సొంత యంత్రాలు చాలనివారికి ఎంక్యూఎల్5 క్లౌడ్ నెట్‌వర్క్ పేరిట డబ్బు చెల్లించి ఇతరుల కంప్యూటర్లను వాడుకునే ఏర్పాటు కూడా ఉంది. తమ యంత్రాన్ని అప్పగించినవారికి అందులో కొంత ముడుతుంది. బయటివారి కంప్యూటర్ల భద్రత కోసం అక్కడ డీఎల్ఎల్ ఫైళ్ల వాడకాన్ని నిషేధించారు. అందువల్ల బయటి లైబ్రరీల మీద ఆధారపడిన వ్యూహాలను ఆ నెట్‌వర్కులో నడపడం కుదరదు.

ధరలను ఎంత సూక్ష్మంగా నడపాలో ఎంచుకునే వీలూ ఉంది. అసలు టిక్‌ల మీద నడిపితే నిజానికి దగ్గరగా ఉంటుంది గానీ చాలా నెమ్మది. నిమిషం క్యాండిళ్ల మీదో, క్యాండిల్ ప్రారంభ ధర మీదో నడిపితే ఎన్నో రెట్లు వేగం. ముందు మొరటు పద్ధతిలో వడపోసి, మిగిలిన కొద్ది కలయికలనే టిక్‌ల మీద నడపడం మంచి అలవాటు. మరో కంప్యూటర్ కొనడం కన్నా ఇదే ఎక్కువ సమయం ఆదా చేసే సందర్భాలు తక్కువేమీ కావు. అయితే కొద్దిపాటి లాభానికే బయటపడే స్కాల్పింగ్ వ్యూహాలను క్యాండిళ్ల మీద వడపోయకూడదు. ఒకే నిమిషంలో స్టాప్‌లాస్, టార్గెట్ రెండూ తగిలినప్పుడు ఏది ముందు తగిలిందో క్యాండిల్ చెప్పలేదు.

సొంతంగా కట్టుకునే ఏర్పాట్లు

భారతీయ ట్రేడర్లలో ఆమిబ్రోకర్ సాఫ్ట్‌వేర్, పైథాన్ భాష వాడకం ఎక్కువ. పైథాన్‌లో ఒక యంత్రంలోని కోర్లకు పని పంచడానికి మల్టీప్రాసెసింగ్ మాడ్యూల్, యంత్రాల మధ్య పంచడానికి డాస్క్, రే వంటి లైబ్రరీలు ఉన్నాయి. ఒక యంత్రం పంపిణీదారు, మిగిలినవి పనివారు. వీటి జోలికి పోకుండా, కలయికల జాబితాను ముక్కలుగా చేసి పెన్‌డ్రైవులో ఒక్కో కంప్యూటర్‌కు ఇచ్చి, తెల్లారాక ఫలితాల ఫైళ్లను కలుపుకునేవారూ ఉన్నారు. చూడటానికి నాటుగా ఉన్నా ఆ పద్ధతి తప్పేమీ కాదు. పని స్వభావమే అలాంటిది.

దాని లోపం వేరే చోట ఉంది. ఇంట్లోని యంత్రాలు సమానమైనవి కావు. కొత్త డెస్క్‌టాప్ తన వాటాను రెండు గంటల్లో ముగించి ఊరుకుంటే, ఎనిమిదేళ్ల ల్యాప్‌టాప్ అదే వాటాతో తెల్లవార్లూ కుస్తీ పడుతుంది. మొత్తం పని ముగిసే సమయాన్ని అన్నిటికంటే నెమ్మదైన యంత్రమే నిర్ణయిస్తుంది. వరి కోతల్లో మడులను ముందే సమానంగా పంచేయకుండా, ముగించినవాళ్లు తర్వాతి మడిలోకి దిగినట్టు, పనిని చిన్న చిన్న కట్టలుగా కట్టి ఖాళీ అయిన యంత్రానికి తర్వాతి కట్ట అందించాలి. కట్ట మరీ చిన్నదైతే ఇచ్చిపుచ్చుకోవడానికే సమయం పోతుంది. మరీ పెద్దదైతే మళ్లీ పాత సమస్యే. కట్టకు ఒకటి రెండు నిమిషాల పని ఉంటే ఇంటి ఏర్పాటుకు బాగుంటుంది.

వేగానికి ఉన్న హద్దు

ఐదు కంప్యూటర్లలో నాలుగేసి కోర్లుంటే పైన చెప్పిన 16 గంటల 40 నిమిషాల పని, కాగితం మీద, 50 నిమిషాల్లో ముగియాలి. ఆచరణలో అలా జరగదు. పంచడానికి వీలులేని భాగం ఎంత చిన్నదైనా మొత్తం వేగాన్ని అదే కట్టడి చేస్తుందని కంప్యూటర్ రూపశిల్పి జీన్ ఆమ్డాల్ 1967లోనే చూపాడు. పనిలో 5 శాతం ఒక్క యంత్రమే చేయాల్సినదైతే ఎన్ని వందల కంప్యూటర్లు చేర్చినా వేగం 20 రెట్లకు మించదు. డేటాను డిస్కు నుంచి చదవడం, పంపడం, ఫలితాలను కూర్చి వరుస పెట్టడం ఆ 5 శాతం కిందికి వస్తాయి.

5 గిగాబైట్ల టిక్ డేటా గిగాబిట్ తీగ మీద ముప్పావు నిమిషంలో చేరితే, సెకనుకు 100 మెగాబిట్లు అందే వైఫై మీద ఏడు నిమిషాలు తీసుకుంటుంది. కాబట్టి తీగతో కలపడం మేలు. ఒకసారి పంపిన డేటాను ప్రతి యంత్రమూ తన డిస్కులో దాచుకోవడం ఇంకా మేలు. అలా దాచినప్పుడు అన్ని యంత్రాల్లోనూ ఒకే ప్రతి ఉందో లేదో సరిచూడాలి. ఒకదాంట్లో బోనస్ షేర్లకు సర్దుబాటు చేసిన ధరలు, మరొకదాంట్లో చేయనివి ఉంటే ఫలితాల పట్టికలో సగం వరుసలు వేరే మార్కెట్‌వి అయిపోతాయి. ఆ తప్పు బయటికి కనిపించదు. లైబ్రరీ వెర్షన్లు, టైమ్ జోన్ కూడా ఒకటిగా ఉండాలి. ఏదో ఒక కలయికను అన్ని యంత్రాల మీదా నడిపి, ఫలితం పైసలతో సహా ఒక్కటే వస్తోందని చూశాకే అసలు పని మొదలుపెట్టడం క్షేమం. ప్రాసెసర్ల తేడా వల్ల దశాంశాల చివర స్వల్ప భేదాలు రావచ్చు. ఆ భేదానికే ఒక లావాదేవీ తారుమారైతే వ్యూహమే అంచు మీద నిలబడి ఉందని అర్థం.

ఖర్చు లెక్క కూడా వేసుకోవాలి. ఒక్కోటి 150 వాట్లు తీసుకునే ఐదు యంత్రాలు 16 గంటలు నడిస్తే 12 యూనిట్లు. వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర పెరిగే స్లాబు విధానం వల్ల నెల పొడవునా ఇలా నడిపితే బిల్లు ఊహించినదాని కంటే ఎక్కువే వస్తుంది. వేడి మరో సమస్య. ల్యాప్‌టాప్‌లు గంటల తరబడి పూర్తి వేగంతో నడవడానికి తయారైనవి కావు. వేడెక్కగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. రాయలసీమ, తెలంగాణ ఎండాకాలంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కరెంటు పోతే మళ్లీ మొదటికి రాకుండా, ముగిసిన కలయికల ఫలితాలను అప్పటికప్పుడు ఫైల్లో రాసుకుంటూ పోయే ఏర్పాటు తప్పనిసరి.

అన్నీ చూడకుండా వెతకడం

కలయికలు కోట్లలో ఉన్నప్పుడు అన్నిటినీ నడపడం యంత్రాలు ఎన్ని ఉన్నా సాధ్యం కాదు. అప్పుడు జెనెటిక్ అల్గోరిథమ్‌ను వాడతారు. జాన్ హాలండ్ 1975లో వెలువరించిన గ్రంథంతో ప్రచారంలోకి వచ్చిన ఈ పద్ధతిలో కొన్ని కలయికలను యాదృచ్ఛికంగా ఎంచి, మంచి ఫలితం ఇచ్చినవాటి అంకెలను కలిపి, కొద్దిగా మార్చి, తర్వాతి తరాన్ని పుట్టిస్తారు. మెటాట్రేడర్ 5లో ఇది సిద్ధంగా ఉంది. సమూహం మీద నడిపేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఒక తరం మొత్తం ముగిస్తే గానీ తర్వాతి తరం పుట్టదు, కాబట్టి ప్రతి తరం చివరా వేగమైన యంత్రాలు నెమ్మదైన వాటికోసం ఆగుతాయి. పాత ల్యాప్‌టాప్‌ను చేర్చడం వల్ల పని ఇంకా ఆలస్యమైన సందర్భాలు ఇక్కడే కనిపిస్తాయి.

ఎక్కువ వెతికితే వచ్చే ముప్పు

ఈ రంగంలో అసలు కష్టం కంప్యూటర్లది కాదు, గణాంక శాస్త్రానిది. యంత్రాలు పెరిగితే పరీక్షల సంఖ్య పెరుగుతుంది గానీ మార్కెట్ చరిత్ర పొడవు పెరగదు. ఉన్న పదేళ్ల ధరల మీదే 20,000 బదులు 20 లక్షల కలయికలు నడిపితే, వాటిలో పైకి తేలినది మార్కెట్ స్వభావాన్ని పట్టుకున్నదా, కేవలం ఆ పదేళ్ల యాదృచ్ఛిక ఒడుదొడుకులకు అతికినదా అన్నది తేల్చడం మరింత కష్టమవుతుంది. దీన్నే ఓవర్‌ఫిటింగ్ అంటారు.

పరిశోధకుడు డేవిడ్ లైన్‌వెబర్ దీన్ని ఎగతాళిగా చూపాడు. అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 హెచ్చుతగ్గులకు ఏది బాగా సరిపోలుతుందో వెతికితే, బంగ్లాదేశ్‌లో వెన్న ఉత్పత్తి తేలింది. రెంటికీ ఏ సంబంధమూ లేకపోయినా సూచీ మార్పుల్లో మూడొంతులను అదొక్కటే వివరించింది. అమెరికా జున్ను, గొర్రెల సంఖ్య వంటివి చేర్చేసరికి పోలిక 99 శాతానికి చేరింది. చాలినన్ని పట్టికలు తిరగేస్తే ఏదో ఒకటి సరిపోక తప్పదన్నదే ఆయన వాదన.

పరిశోధకులు దీన్ని లెక్కల్లోనూ పట్టుకున్నారు. 1999లో సల్లివన్, టిమ్మర్‌మన్, వైట్ దాదాపు 8 వేల సాంకేతిక నియమాలను డౌ జోన్స్ సూచీ వందేళ్ల ధరల మీద పరీక్షించారు. పాత కాలంలో మేటిగా తేలిన నియమం, పక్కన పెట్టి ఉంచిన 1987 నుంచి 1996 వరకు ఉన్న కాలంలో ఆ ఘనత నిలుపుకోలేదు. ఇన్ని నియమాల్లో ఒకటి నెగ్గడం అదృష్టమా కాదా అని తేల్చే రియాలిటీ చెక్ పరీక్షను హాల్బర్ట్ వైట్ 2000లో ప్రచురించాడు. 2014లో బెయిలీ, లోపెజ్ డి ప్రాడో, వారి సహరచయితలు మరింత సూటిగా చెప్పారు. ఐదేళ్ల డేటా మాత్రమే ఉన్నప్పుడు ఒకదానితో ఒకటి సంబంధంలేని 45 నమూనాలకు మించి ప్రయత్నిస్తే, నిజానికి ఏ పసా లేని వ్యూహం కూడా షార్ప్ నిష్పత్తి 1 చూపించేస్తుంది. రాబడిని దాని ఒడుదొడుకులతో భాగించగా వచ్చే ఈ నిష్పత్తి 1 ఉంటే మంచి వ్యూహమని ట్రేడర్లు భావిస్తారు. పక్కపక్క కలయికలు పరస్పరం దగ్గరి చుట్టాలు కాబట్టి 20,000 కలయికలు 20,000 స్వతంత్ర ప్రయత్నాలు కావన్నది నిజమే. అయినా 45 అన్న అంకెతో పోల్చి చూస్తే ఇంటి సమూహం ఒక్క రాత్రిలో ఎంత దూరం వెళ్లిపోతుందో తెలుస్తుంది. ఎన్ని ప్రయత్నాలు చేశామో లెక్కలోకి తీసుకుని షార్ప్ నిష్పత్తిని తగ్గించి చూపే సూత్రాన్ని కూడా బెయిలీ, లోపెజ్ డి ప్రాడోలే ఇచ్చారు. దాన్ని వాడాలంటే చెత్తబుట్టలో వేసిన ప్రయత్నాల లెక్క కూడా దాచి ఉంచాలి. ఆ క్రమశిక్షణ చాలామందికి ఉండదు.

అదనపు యంత్రాలను దేనికి వాడాలి

కాబట్టి సమూహం బలాన్ని కొత్త కలయికల వేటకన్నా, దొరికినదాన్ని ప్రశ్నించడానికి వినియోగించడం తెలివైన పని. వాక్ ఫార్వర్డ్ పరీక్ష అందులో ముఖ్యం. రాబర్ట్ పార్డో రాసిన 1992 నాటి పుస్తకంతో ఇది ప్రాచుర్యం పొందింది. మూడేళ్ల డేటా మీద మంచి అంకెలను ఎంచి, వ్యూహం చూడని తర్వాతి ఆరు నెలల మీద నడుపుతారు. తర్వాత ఆ కాలవ్యవధిని ఆరు నెలలు ముందుకు జరిపి మళ్లీ అంతా చేస్తారు. చూడని కాలాల ఫలితాలను మాత్రమే వరుసగా అతికితే వచ్చేది నమ్మదగిన చిత్రం. పదేళ్ల డేటాకు ఇలా 14 సార్లు మొత్తం అన్వేషణ జరగాలి. ఒక్క కంప్యూటర్‌కు రోజుల తరబడి పని, సమూహానికి ఒక పూట పని.

లావాదేవీల వరుసను వేలసార్లు తారుమారు చేసి గరిష్ఠ పతనం ఎంతవరకు పోగలదో చూసే మాంటె కార్లో పరీక్ష, ఎంచిన అంకెల ఇరుగుపొరుగు విలువలను నడిపి చూడటం కూడా ఈ కోవలోవే. 21 రోజుల యావరేజీ లాభాలు కురిపించి 20, 22 రోజులవి నష్టపోతుంటే ఆ 21ని నమ్మకూడదు. లావాదేవీ ఖర్చులను రెట్టింపు చేసి మళ్లీ నడపడం చవకైన పరీక్ష, చాలా వ్యూహాలను రాల్చేదీ అదే.

డేటా లోపాలను ఏ సమూహమూ సరిచేయదు. ఇప్పటి నిఫ్టీ జాబితాలోని 50 షేర్లను తీసుకుని గత ఇరవై ఏళ్ల మీద పరీక్షిస్తే, మధ్యలో కూలినవన్నీ ముందే తప్పుకున్నట్టవుతుంది. హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ ఒకప్పుడు నిఫ్టీ షేరు. 2009 జనవరి 7న ఖాతాల మోసం బయటపడగానే ఆ ఒక్కరోజులోనే విలువలో నాలుగింట మూడొంతులకు పైగా కోల్పోయి, అదే నెలలో సూచీ నుంచి తొలగింది. నేటి జాబితాతో చేసే పరీక్షలో ఆ రోజు అసలు జరగనే జరగదు. నియమాలు మారడం మరో చిక్కు. ఆప్షన్ల అమ్మకంపై లావాదేవీ పన్ను 2024 అక్టోబరు 1 నుంచి 0.0625 శాతం నుంచి 0.1 శాతానికి పెరిగింది. అదే ఏడాది నవంబరులో బ్యాంక్ నిఫ్టీ వారపు ఆప్షన్లు ఆగిపోయాయి. పాత పన్నుతో, ఇప్పుడు లేని కాంట్రాక్టుతో వచ్చిన లాభం అంకె చరిత్రగా మాత్రమే పనికొస్తుంది.

చట్టం, ప్రత్యామ్నాయాలు

పాత ధరల మీద పరీక్షించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిజమైన ఆర్డర్లు పంపినప్పుడే నిబంధనలు వర్తిస్తాయి. కంప్యూటర్ ప్రోగ్రాముతో ఆర్డర్లు పంపే అల్గో ట్రేడింగ్‌లో చిన్న మదుపరులు పాల్గొనే విధానంపై మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 ఫిబ్రవరి 4న సర్క్యులర్ ఇచ్చింది. మెటాట్రేడర్ ద్వారా విదేశీ బ్రోకర్ల వద్ద కరెన్సీ ట్రేడింగ్ చేసేవారు, అనుమతి లేని వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 నుంచి ప్రచురిస్తున్న హెచ్చరిక జాబితాను చూసుకోవాలి. నిజమైన డబ్బుతో దిగేముందు ఇదీ గుర్తుంచుకోవాలి: సెబీ 2024 సెప్టెంబరు అధ్యయనం ప్రకారం మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్లు, ఆప్షన్లలో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు.

కోర్ల సంఖ్య పెరగడంతో ఇంటి సమూహం ఆవశ్యకత కొంత తగ్గింది. పదహారు కోర్ల ఒక్క కొత్త డెస్క్‌టాప్, నాలుగైదు పాత యంత్రాల పనిని తక్కువ కరెంటుతో చేస్తుంది. నెట్‌వర్కు తలనొప్పులూ ఉండవు. గంటల లెక్కన అద్దెకు దొరికే క్లౌడ్ సర్వర్లు ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే పెద్ద పరీక్షలు చేసేవారికి చవక. వ్యూహాన్ని శ్రేణుల రూపంలో తిరగరాయగలిగితే గ్రాఫిక్స్ కార్డు వీటన్నిటినీ మించుతుంది, కానీ ప్రతి లావాదేవీ ముందరి దాని మీద ఆధారపడే వ్యూహాలను అలా రాయడం తేలిక కాదు. ఇన్ని దారులున్నా, వ్యూహం ఇల్లు దాటి పోకూడదనుకునేవారూ, కొన్న డేటాను బయటి సర్వర్లకు ఎక్కించడానికి లైసెన్సు ఒప్పుకోనివారూ, రోజూ పరీక్షలు నడిపేవారూ సొంత యంత్రాలనే కలుపుకుంటున్నారు.